విదేశాల్లో చదువుకు వెళ్తున్నారా? గది ఇలా వెతుక్కోండి

నెల్లూరులో ఇల్లు అద్దెకు కావాలంటే ఏం చేస్తాం? టూలెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తాం. వెళ్ళి కుళాయి తిప్పి నీళ్ళు నోట్లో పోసుకుని ఉప్పగా ఉన్నాయేమో చూస్తాం. మోటారు ఎవరు వేస్తారు, కరెంటు మీటరు విడిగా ఉందా అని అడుగుతాం. పక్కింటావిడను పలకరించి ఓనరు ఎలాంటివారో కనుక్కుంటాం. అప్పుడు గానీ అడ్వాన్సు ఇవ్వం. ఇంత జాగ్రత్త తెలిసిన మనమే, ఎక్కడో దేశంలో ఉన్న గదికి నాలుగు ఫొటోలు చూసి డబ్బు పంపేస్తాం.

2019లో నేనూ అదే చేశాను. కావలి నుంచి జర్మనీకి, స్టుట్‌గార్ట్‌లో ఎమ్మెస్‌కి వెళ్ళబోతున్నాను. యూనివర్సిటీకి దగ్గరగా, తక్కువ అద్దెకు గది ఉందని ఒక ప్రకటన కనపడింది. ఓనరునని చెప్పుకున్నాయన చాలా మర్యాదగా రాశాడు. పని మీద స్పెయిన్‌లో ఉన్నాననీ, డిపాజిట్ అందగానే తాళంచెవి కొరియర్‌లో పంపుతాననీ అన్నాడు. 600 యూరోలు పంపాను. తాళంచెవి రాలేదు. ఆ ఏడాది రొయ్యల గుంట మీద మిగిలిన కొద్దిపాటి డబ్బులోంచి మా నాన్న తీసిచ్చిన సొమ్ము అది. ఇప్పటికీ తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

ఆ తర్వాత మా బంధువుల్లోనూ, కావలి, కందుకూరు, ఒంగోలు వైపు తెలిసినవాళ్ళలోనూ వెళ్ళిన పిల్లలకు గదులు చూసుకోవడంలో తోడున్నాను. అందరికీ మొదట చెప్పేది ఒకటే. ఎవరూ చూడని గదికి డబ్బు పంపకండి. మీ కళ్ళతో చూడాలి, లేదా మనవాళ్ళ కళ్ళతో చూడాలి, అదీ కుదరకపోతే యూనివర్సిటీ హాస్టల్ గది అయి ఉండాలి. ఈ మూడిట్లో ఒకటి లేకపోతే ఆ గది ఎంత బాగున్నా వదిలేయండి.

మొదటి మెట్టు: వీసా కోసం ఆగకండి

మన దగ్గర చాలామంది చేసే పొరపాటు వరస తప్పడం. ముందు అడ్మిషన్, తర్వాత లోను, తర్వాత వీసా, ఆఖర్న బట్టలు సర్దేటప్పుడు గది. మాగుంట లేఅవుట్లోనో ఒంగోలు కర్నూలు రోడ్డులోనో ఉన్న కన్సల్టెన్సీలో అడిగితే "అకామడేషన్ అక్కడికెళ్ళాక చూసుకోవచ్చు సార్" అంటారు. ఆ మాట నమ్మి కూర్చుంటే చౌకైన గదులన్నీ అయిపోతాయి.

అడ్మిషన్ లెటర్ చేతికొచ్చిన వారంలోనే యూనివర్సిటీ హాస్టల్‌కి దరఖాస్తు పెట్టండి. జర్మనీలో ఈ హాస్టళ్ళను యూనివర్సిటీ నేరుగా నడపదు. స్టూడియెరెండెన్‌వెర్క్ అనే సంస్థలు ప్రాంతాల వారీగా ఉంటాయి, దరఖాస్తు వాళ్ళ వెబ్‌సైట్లో పెట్టాలి. చాలాచోట్ల ఈ గదులు 250 నుంచి 400 యూరోల మధ్య వస్తాయి. బయట షేరింగ్ ఫ్లాట్‌లో గది సగటున 500 దగ్గర ఉంటుంది, మ్యూనిక్‌లో 800 దాకా పోతుంది. అందుకే పెద్ద ఊళ్ళలో వెయిటింగ్ లిస్టు ఒకటి రెండు సెమిస్టర్లు సాగుతుంది. దరఖాస్తు పెట్టి మర్చిపోకండి. కొన్ని ఊళ్ళలో "ఇంకా గది కావాలా?" అని మెయిల్ వస్తుంది. జవాబివ్వకపోతే పేరు తీసేస్తారు. నాకు తెలిసిన ఒక అమ్మాయి పేరు అలాగే పోయింది. మెయిల్ స్పామ్‌లో పడింది, తను చూసుకోలేదు.

బ్రిటన్‌లో అయితే మొదటి ఏడాది విద్యార్థులకు గది ఇస్తామని హామీ ఇచ్చే యూనివర్సిటీలు చాలా ఉన్నాయి, కానీ ఫలానా తేదీలోపు అడిగితేనే. పీజీకి వెళ్ళేవాళ్ళకు ఆ హామీ వర్తిస్తుందో లేదో విడిగా చదవండి. అక్కడ ప్రైవేటు స్టూడెంట్ హాళ్ళు కూడా ఎక్కువ. వాటిలో బుక్ చేసే ముందు "వీసా రాకపోతే డబ్బు వెనక్కి ఇస్తారా, అందుకు ఏ కాగితం చూపించాలి, ఎన్ని రోజుల్లో చూపించాలి" అని మెయిల్లో అడిగి, జవాబు దాచుకోండి. ఫోన్లో చెప్పిన మాట తర్వాత పనికిరాదు.

రెండో మెట్టు: డబ్బు ఏ నెలలో కావాలో రాసుకోండి

ఇది ఇంట్లో పెద్దవాళ్ళతో కూర్చుని మాట్లాడాల్సిన విషయం. మన వైపు ఆదాయం నెల జీతంలా రాదు. కందుకూరు, కొండపి వైపు పొగాకు రైతుకు వేలం కేంద్రం డబ్బు ఫిబ్రవరి, మార్చిలో మొదలై విడతలు విడతలుగా వస్తుంది. రొయ్యలైతే పట్టుబడి రోజు రేటును బట్టి. గదికి డబ్బు మాత్రం సరిగ్గా జూలై నుంచి సెప్టెంబరు మధ్య కావాలి. అందుకని వచ్చిన డబ్బులోంచి గది కోసం ముందే కొంత పక్కన పెట్టమని ఇంట్లో చెప్పండి.

జర్మనీకి వెళ్ళేవాళ్ళు ఒక సంగతి బాగా గుర్తుపెట్టుకోవాలి. వీసా కోసం తెరిచే బ్లాక్డ్ అకౌంట్లో ఏడాదికి 11,904 యూరోలు వేస్తారు కదా, అందులోంచి నెలకు 992 యూరోలే బయటికి వస్తాయి. 2024 సెప్టెంబరు నుంచి ఇదే లెక్క. ఖాతాలో లక్షలున్నా, దిగిన వారంలో డిపాజిట్ కట్టడానికి అవి అక్కరకు రావు. ఎంత కావాలో చూడండి. నెలకు 450 యూరోల గది అనుకుందాం. అందులో హీటింగ్, నీళ్ళు తీసేసిన అసలు అద్దె, అంటే వాళ్ళు కోల్డ్ రెంట్ అనేది, 350 ఉందనుకుందాం. డిపాజిట్ దానికి మూడు రెట్ల వరకు అడగవచ్చు, అంటే 1,050. మొదటి నెల అద్దె 450. గది చేతికొచ్చే దాకా పదిహేను రోజులు ఎక్కడో ఉండటానికి 400. మొత్తం 1,900. దీనికి దుప్పటి, గిన్నెలు, రైలు టికెట్లు కలుపుకుంటే 2,500 యూరోలు విడిగా ఉండాలి. యూరో వంద రూపాయలనుకుంటే రెండున్నర లక్షలు. దీన్ని విదేశీ కరెన్సీ వేసుకునే ఫారెక్స్ కార్డులో పెట్టుకుని వెళ్ళండి. డిపాజిట్‌ను మూడు నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు అక్కడి చట్టం అద్దెదారుకు ఇచ్చింది. చేతిలో తక్కువుంటే అడగండి, అందులో నామోషీ ఏమీ లేదు.

ఎడ్యుకేషన్ లోను తీసుకుంటుంటే, శాంక్షన్ అయ్యే ముందే ఖర్చుల పట్టికలో అద్దె, డిపాజిట్ రాయించండి. ఫీజు బ్యాంకు నేరుగా యూనివర్సిటీకి పంపుతుంది కానీ, అద్దె పట్టికలో లేకపోతే తర్వాత అడిగినా మేనేజరు చేయగలిగింది తక్కువ. ఇంటి నుంచి పంపే డబ్బు కుటుంబసభ్యుల బ్యాంకు ఖాతా నుంచే, చదువు ఖర్చు అని ఫారంలో రాసి పంపండి. ఒక ఆర్థిక సంవత్సరంలో ఒకరి పాన్ మీద 10 లక్షలు దాటితే టీసీఎస్, అంటే పంపేటప్పుడే బ్యాంకు ముందుగా వసూలు చేసే పన్ను, పడుతుంది, బ్యాంకు లోను మీద వెళ్ళే డబ్బుకు పడదు. కట్టిన టీసీఎస్‌ను రిటర్న్ దాఖలు చేసి సర్దుకోవచ్చు గానీ, ఆ నెలలో చేతిలో డబ్బు తగ్గుతుంది కదా.

మూడో మెట్టు: అక్కడ మన కళ్ళు ఎవరివో వెతకండి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ ఊరికెళ్ళినా బయటి దేశంలో ఒక పిల్లాడో పిల్లో ఉన్న ఇల్లు దొరుకుతుంది. వాళ్ళ అమ్మానాన్నలను అడగడానికి మొహమాటపడకండి. పెళ్ళిలో పలకరించినప్పుడు "మీ వాడు ఏ ఊళ్ళో ఉన్నాడు వదినా" అని మీ అమ్మ అడిగితే చాలు, సాయంత్రానికి నంబరు వస్తుంది. యూనివర్సిటీ పేరుతో, చేరే సెమిస్టర్ పేరుతో మన పిల్లల వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపులు ఉంటాయి. ఇండియన్ స్టూడెంట్స్ అసోసియేషన్లు ఉంటాయి. అమెరికాలో చాలా యూనివర్సిటీల్లో ఈ అసోసియేషన్ పిల్లలే కొత్తవాళ్ళకు కొన్ని రోజులు ఉండటానికి చోటు చూపిస్తారు, ఎయిర్‌పోర్టుకు వచ్చి తీసుకెళ్తారు. అందుకు ఒక ఫారం పెడతారు, తేదీ దాటకముందే నింపండి.

సీనియర్‌ను "అన్నా, నాకో రూమ్ చూడవా" అని మాత్రం అడగొద్దు. ఆ మాట రోజుకు పదిమంది అడుగుతారు. మీ బడ్జెట్, దిగే తేదీ, ఎంతమంది, మాంసాహారమా శాకాహారమా, యూనివర్సిటీకి ఎంత దూరం వరకు పర్వాలేదు అన్నీ ఒక్క మెసేజ్‌లో రాసి, "అక్కా, ఈ మూడు అడ్రస్‌లలో మీకు దగ్గర్లో ఉన్నది ఒక్కసారి చూసి వస్తారా" అని అడగండి. చూసొచ్చినవాళ్ళకు టికెట్ డబ్బులు మీరే ఇవ్వండి. పరీక్షల రోజుల్లో వాళ్ళు వెచ్చించిన రెండు గంటలకు విలువ చాలా ఉంది.

దూరం గురించి భయపడకండి. కావలి నుంచి నెల్లూరుకు రోజూ రైల్లో వెళ్ళి డిగ్రీ చదివినవాళ్ళు మన ఇళ్ళలోనే ఉన్నారు. సెమిస్టర్ అంతా చెల్లే విద్యార్థుల ప్రయాణ టికెట్ చేతిలో ఉంటే లోకల్ ట్రెయిన్లో నలభై నిమిషాల దూరం పెద్ద ఇబ్బంది కాదు, అద్దెలో నెలకు వంద, నూట యాభై యూరోలు మిగలొచ్చు. ఒక్కటే చూడండి, రాత్రి ఆఖరి రైలు ఎన్నింటికి? పార్ట్‌టైమ్ పని పదకొండుకు అయిపోతే ఇల్లు చేరగలరా?

నాలుగో మెట్టు: ప్రకటన నిజమో కాదో తేల్చుకోండి

జర్మనీలో గదుల కోసం అందరూ వాడే వెబ్‌సైట్ డబ్ల్యూజీ-గెజుఖ్ట్. అక్కడ షేరింగ్ ఫ్లాట్‌ను డబ్ల్యూజీ అంటారు. ఉన్నవాళ్ళే కొత్తవాళ్ళను ఎంచుకుంటారు కాబట్టి "హాయ్, ఈజ్ దిస్ అవైలబుల్" అని పంపితే జవాబు రాదు. మీరెవరు, ఏం చదవబోతున్నారు, వంటింటిని ఎలా ఉంచుకుంటారు, వాళ్ళ ప్రకటనలో మీకు నచ్చింది ఏమిటి, ఓ పది వాక్యాలు రాయండి. మొదటి రెండు వాక్యాలు జర్మన్‌లో ఉంటే ఇంకా మంచిది. నలభై మెసేజ్‌లు పంపితే నాలుగైదు జవాబులు వస్తాయి. మొదటి వారంలోనే టెన్షన్ పడి చేతికందిన దానికి ఒప్పుకోకండి.

మోసగాళ్ళ మాటలు ఎప్పుడూ ఒకే తీరులో ఉంటాయి. ఊళ్ళో లేనంటారు. చుట్టుపక్కల అద్దెలో సగానికే ఇస్తానంటారు. తాళంచెవి కొరియర్‌లో వస్తుందంటారు. మీరు అడగకుండానే వాళ్ళ పాస్‌పోర్టు ఫొటో పంపుతారు, ఆ పాస్‌పోర్టు ఇంకెవరినో మోసం చేసి తీసుకున్నదై ఉంటుంది. పేరున్న బుకింగ్ వెబ్‌సైట్‌లాగే కనపడే లింకు పంపి అందులో కట్టమంటారు. "ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, ఈ రాత్రికే పంపాలి" అని తొందరపెడతారు. నాకు వచ్చిన మెయిల్స్‌లో ఈ మాటల్లో సగం పైన ఉన్నాయి. వాటిని గుర్తుపట్టి చెప్పేవాళ్ళు ఆ రోజు నాకు లేరు, అందుకే ఇంత విడమరిచి రాస్తున్నాను.

ముందు ఫొటోలను గూగుల్ లెన్స్‌లో పెట్టి వెతకండి. వేరే ఊరి హోటల్ గది బయటపడొచ్చు. అడ్రస్‌ను స్ట్రీట్ వ్యూలో చూడండి. తర్వాత వీడియో కాల్ అడగండి. రికార్డు చేసిన వీడియో ఒప్పుకోకండి. కాల్‌లో మెయిన్ డోరు నుంచి గది దాకా నడిచి చూపించమనండి, కిటికీ తెరిచి వీధి చూపించమనండి, కుళాయి తిప్పమనండి. నెల్లూరులో మీ అమ్మ అడిగే ప్రశ్నలే అక్కడా అడగండి. హీటింగ్ అద్దెలో కలిసే ఉందా? ఇంటర్నెట్ ఎవరి పేరు మీద? బాత్రూమ్ ఎంతమందికి? వీడియో బాగుందని కూడా డబ్బు పంపేయకండి. సీనియర్ వెళ్ళి తలుపు తట్టి చూసి రావాలి. కాగితం మీద సంతకాలయ్యాక, ఆ కాగితంలో ఉన్న పేరుతోనే ఉన్న బ్యాంకు ఖాతాకు పంపాలి. గిఫ్ట్ కార్డులు, క్రిప్టో, నగదు బదిలీ ఏజెన్సీ కౌంటర్లు అన్న మాట వినిపించిన చోటే ఆపేయండి.

ఐదో మెట్టు: కాగితం ఏం చెబుతోందో చదవండి

ఒక్కో దేశంలో చట్టం ఒక్కోలా ఉంటుంది. తెలిసుంటే మిమ్మల్ని ఎవరూ దబాయించలేరు.

ఇంగ్లండ్‌లో మామూలు అద్దె ఇంటికి డిపాజిట్ ఐదు వారాల అద్దె మించకూడదు. గది మీ కోసం పట్టి ఉంచడానికి తీసుకునేది ఒక వారం అద్దె దాటకూడదు. తీసుకున్న డిపాజిట్‌ను ఓనరు 30 రోజుల్లో ప్రభుత్వం ఆమోదించిన స్కీములో పెట్టి, ఏ స్కీమో మీకు చెప్పాలి. అందరూ ఫుల్‌టైమ్ విద్యార్థులే ఉన్న ఇంటికి కౌన్సిల్ ట్యాక్స్, అంటే అక్కడి ఇంటి పన్ను, ఉండదు, యూనివర్సిటీ లెటర్ చూపిస్తే చాలు. అక్కడి హామీదారు కావాలని అడిగితే యూనివర్సిటీ హౌసింగ్ ఆఫీసును అడగండి, కొన్ని యూనివర్సిటీలు తామే హామీ ఉంటాయి.

ఐర్లండ్‌లో డిపాజిట్ ఒక నెల, ముందస్తు అద్దె ఒక నెల, అంతకు మించి అడగకూడదు. కెనడాలోని ఒంటారియోలో ఆఖరి నెల అద్దె ముందుగా తీసుకోవచ్చు గానీ, డ్యామేజి డిపాజిట్ అని విడిగా తీసుకోవడం చట్టవిరుద్ధం. ఆస్ట్రేలియాలో డిపాజిట్‌ను బాండ్ అంటారు, సాధారణంగా నాలుగు వారాల అద్దె. అది రాష్ట్ర ప్రభుత్వ సంస్థ దగ్గర జమ అవుతుంది, ఆ రసీదు మీ చేతికి రావాలి.

జర్మనీలో ఒక ప్రశ్న తప్పకుండా అడగాలి: "ఇక్కడ అన్‌మెల్డుంగ్ చేసుకోవచ్చా?" గదిలో దిగిన రెండు వారాల్లో మున్సిపల్ ఆఫీసులో అడ్రస్ నమోదు చేసుకోవడాన్ని అలా అంటారు. దానికి ఓనరు సంతకం పెట్టిన కాగితం కావాలి. ఆ నమోదు లేకపోతే ట్యాక్స్ నంబరు, రెసిడెన్స్ పర్మిట్ అన్నీ ఆగిపోతాయి. నమోదు కుదరదనే గది ఎంత చౌకైనా పది రోజుల బసకే పనికొస్తుంది.

అమెరికా సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మనవాళ్ళు అక్కడికే ఎక్కువ వెళ్తున్నారు, ఇబ్బందులు కూడా స్నేహం చాటునే వస్తున్నాయి. కొత్తగా వెళ్ళినవాళ్ళకు ఎస్ఎస్ఎన్ అనే ప్రభుత్వ గుర్తింపు నంబరు ఉండదు, అప్పులు సరిగ్గా తీర్చారని చూపే క్రెడిట్ హిస్టరీ ఉండదు. అందుకని అపార్ట్‌మెంట్ వాళ్ళు ఎక్కువ డిపాజిట్టో హామీదారునో అడుగుతారు. దాంతో నలుగురైదుగురు కలిసి టూ బెడ్‌రూమ్ తీసుకుంటారు, ఒకరిద్దరు హాల్లో ఉంటారు. అద్దె తగ్గుతుంది, నిజమే. కానీ లీజులో ఎవరి పేర్లున్నాయో చూడండి. మామూలుగా సంతకం పెట్టినవాళ్ళందరూ మొత్తం అద్దెకు బాధ్యులు. ఒకడు మధ్యలో వేరే రాష్ట్రానికి వెళ్ళిపోతే అతని వాటా మిగిలినవాళ్ళ మీద పడుతుంది. మీ పేరు లీజులో లేకపోతే ఇంకో చిక్కు. అది మీ ఇల్లని చూపించే కాగితమే ఉండదు, పరిమితికి మించి ఉన్నారని మేనేజ్‌మెంట్ వాళ్ళు ఏ రోజైనా బయటికి పొమ్మనవచ్చు. ఇంటర్‌లో రెండేళ్ళు ఒకే హాస్టల్ గదిలో ఉన్న స్నేహితులైనా సరే, ఎవరి వాటా ఎంత, మధ్యలో వెళ్ళేవాళ్ళు బదులు మనిషిని చూపించాలా, ఎన్ని నెలల ముందు చెప్పాలి అని ఒక పేజీ రాసుకుని అందరూ సంతకం పెట్టండి. సొంత అన్నదమ్ముల్లా ఉన్నవాళ్ళు 300 డాలర్ల దగ్గర మాటలు మానేయడం చూశాను.

లీజు సాధారణంగా ఏడాదికి ఉంటుంది. మధ్యలో వదిలేస్తే ఎంత కట్టాలో ఆ పేరా ప్రత్యేకంగా చదవండి. ఎఫ్‌-1 అనే స్టూడెంట్ వీసా మీద కోర్సు మొదలయ్యే తేదీకి 30 రోజుల ముందు నుంచే దేశంలోకి వెళ్ళనిస్తారు కాబట్టి, అంతకంటే ముందు తేదీ నుంచి అద్దె కట్టకండి. ఇల్లు మారిన 10 రోజుల్లో కొత్త అడ్రస్ యూనివర్సిటీకి చెప్పడం మర్చిపోకండి. అది వీసా నిబంధన.

ఆరో మెట్టు: మొదటి పదిహేను రోజులకు వేరే చోటు

వెళ్ళేనాటికి పక్కా గది దొరకకపోతే కంగారు పడకండి. హాస్టల్ బెడ్, సీనియర్ల గదిలో ఒక పరుపు, సెలవులకు ఇంటికెళ్ళినవాళ్ళ గదిని వాళ్ళ నుంచి కొన్నాళ్ళు అద్దెకు తీసుకునే సబ్‌లీజ్, ఏదైనా ఒకటి రెండు వారాలకు చూసుకోండి. అక్కడ దిగి మీ కళ్ళతో నాలుగు గదులు చూసి తేల్చుకోవడం, ఇక్కడి నుంచి ఏడాది లీజు మీద సంతకం పెట్టడం కంటే వెయ్యి రెట్లు మేలు. ఓనరు అనుమతి ఉన్న సబ్‌లీజేనా అని మాత్రం అడగండి. అమ్మానాన్నలకు ఈ సంగతి ముందే చెప్పండి. "గది లేకుండా ఎట్టా పంపేది నాయనా" అని మా అమ్మ పడిన దిగులు నాకు తెలుసు. తాత్కాలికంగా ఉండే చోటు అడ్రస్, ఫోన్ నంబరు, అక్కడి స్నేహితుల నంబర్లు రెండు కాగితం మీద రాసి ఇంట్లో క్యాలెండరు పక్కన అంటించి వెళ్ళండి. చెన్నై ఎయిర్‌పోర్టు దాకా వచ్చి వెనక్కి తిరిగినవాళ్ళకు ఆ కాగితం కాస్త ధైర్యం.

ఏడో మెట్టు: తాళంచెవి చేతికొచ్చిన రోజు

సంచులు లోపల పెట్టకముందే ఫొటోలు తీయండి. గోడల మీద మరకలు, పరుపు, స్టవ్, సింకు, కిటికీ అద్దం, కరెంటు మీటరు రీడింగ్. ఉన్న లోపాలన్నీ రాసిన కాగితం మీద ఓనరు సంతకం తీసుకోండి, లేదా ఆ రోజే ఫొటోలు మెయిల్ చేయండి. డిపాజిట్ వెనక్కి రావడానికి అదే ఆధారం.

మన వైపు నుంచి వెళ్ళినవాళ్ళకు తెలియక డిపాజిట్ పోయేది ఎక్కువగా తేమకు గోడలకు పట్టే బూజు వల్ల. మనం నలభై మూడు డిగ్రీల ఎండలో పెరిగినవాళ్ళం, చలి అనగానే కిటికీలన్నీ బిగించేస్తాం. గదిలోనే బట్టలు ఆరేస్తాం, అన్నం వండిన ఆవిరి లోపలే తిరుగుతుంది. నెల తిరిగేసరికి కిటికీ మూలల్లో నల్లటి బూజు పడుతుంది. రోజుకు రెండు మూడుసార్లు, చలిగా ఉన్నా సరే, హీటర్ ఆపి కిటికీలు ఐదు పది నిమిషాలు బార్లా తెరవండి.

తాలింపు వేసేటప్పుడు ఎగ్జాస్ట్ పెట్టండి, వంటింటి తలుపు మూయండి. ఎండుమిర్చి పొగకు స్మోక్ అలారం మోగితే బిల్డింగ్ మొత్తం బయటికి రావాలి, కొన్నిచోట్ల జరిమానా కూడా వేస్తారు. చేపల పులుసు చేసుకోండి, తప్పకుండా. పక్క గదివాళ్ళకు ముందు చెప్పి, ఒక గిన్నెలో వాళ్ళకూ పెట్టండి. నాకు మొదటి ఏడాది అక్కడ స్నేహితులైనవాళ్ళు ఆ పులుసుతోనే అయ్యారు.

జర్మనీలో అడ్రస్ నమోదయ్యాక రేడియో, టీవీ రుసుము అని ఒక ఉత్తరం వస్తుంది. ఇంటికి నెలకు 18.36 యూరోలు. మోసమనుకుని చింపేయకండి. షేరింగ్ ఫ్లాట్‌లో ఇప్పటికే ఒకరు కడుతుంటే వాళ్ళ రుసుము ఖాతా నంబరు రాసి పంపి, డబ్బు పంచుకోండి.

ఇక ఖాళీ చేసే రోజు సంగతి. జర్మనీలో మామూలు ఒప్పందానికి మూడు నెలల నోటీసు, సంతకం చేసిన కాగితం మీద ఇవ్వాలి. వాట్సాప్ మెసేజ్ చెల్లదు. నోటీసు ఇచ్చిన రోజే మన జిల్లా పిల్లల గ్రూపులో గది ఫొటోలు, అసలు అద్దె, ఓనరు ఎలాంటి మనిషి, ఆఖరి రైలు ఎన్నింటికి అన్నీ రాసి పెట్టండి. వచ్చే సెమిస్టర్‌కు పొదిలి నుంచో ఆత్మకూరు నుంచో బయల్దేరబోయే ఎవరో ఒకరు అప్పటికే ఫోన్ పట్టుకుని వెతుకుతూ ఉంటారు.